బల్లి గుడ్లు తిప్పిన రోజులు

ఈ ఉదయం మా పుప్పాలగూడ ఫ్లాట్‌లో ట్యూబ్‌లైట్ తుడుస్తుంటే దాని వెనక రెండు బల్లి గుడ్లు కనబడ్డాయి. చెయ్యి ఆగిపోయింది.

నా చిన్నప్పుడు నానక్‌రామ్‌గూడలో బండలు పేల్చి కడుతున్న ఒక బిల్డింగుకు నాన్న వాచ్‌మన్. మా రేకుల గదిలో అలాంటివే దొరికితే, పౌడరు డబ్బాలో తడి ఇసుక పోసి బల్బు పక్కన పెట్టాను.

“కోడి గుడ్లను దినాం తిప్పుతది బిడ్డా, గప్పుడే పిల్లలైతయ్,” అంది నానమ్మ. రెండు పూటలా తిప్పాను. జ్వరమొచ్చి ఒక్కరోజు మాత్రం తిప్పలేదు.

నెలలు గడిచాయి. “ఇగ పారెయ్యి,” అని అమ్మ అంటే ఒకటి చిదిపి చూశాను. లోపల కాళ్లు, తోక వచ్చిన పిల్ల ఎండిపోయి ఉంది. ఆ ఒక్కరోజు వల్లే చచ్చిపోయిందని ఎన్నేళ్లో కుమిలిపోయాను.

బల్లి గుడ్డును తిప్పితేనే లోపలి పిల్ల చచ్చిపోతుందని పెద్దయ్యాక చదివాను. నేను దాన్ని బతకనిచ్చింది ఆ జ్వరం వచ్చిన రోజు ఒక్కటే.