ఫ్యూజు పీకిన జెకర్యా గారు

జెకర్యా గారికి కోపం వస్తుంది. ఎవరికి రాదు అంటారేమో. మనకొచ్చే కోపం కాసేపుండి పోతుంది. ఆయన కోపం ఎక్కడికీ పోదు, ఆయనే పోతారు. పెళ్లి కానివ్వండి, ప్రార్థన కానివ్వండి, కోపం రాగానే లేచి నిలబడి నాలుగు మాటలు అనేసి, చెప్పులు వేసుకుని బయటికి నడుస్తారు. అందుకే ఆయన భార్య సువార్తమ్మ ఎవరి పెళ్లికి వెళ్లినా ముందు భోజనం కానిచ్చి, ఆ తర్వాత పెళ్లి చూస్తుంది.

ఊరు రాజోలు దగ్గర, గోదావరి గట్టు పక్కనే. ఆయన పని కాలిపోయిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టడం. రొయ్యల చెరువులవాళ్లూ వరి రైతులూ మోటారు మోసుకుని ఆయన దగ్గరికే వస్తారు, తిట్లు తిని మరీ బాగుచేయించుకుంటారు. ఆ తిట్లలో ఒక విశేషం ఉంది. కోపం పెరిగేకొద్దీ ఆయన మాటలో 'అండీ'లు పెరుగుతాయి. "మోటారు ఎందుకు కాలిందండి?" అని అడిగితే మామూలుగా ఉన్నట్టు. "మీకు బుద్ధుందాండీ? అసలు మీరు మనిషేనాండీ? ఇది ఇనుము కాబట్టి ఊరుకుందండీ, గేదె అయితే కుమ్మేసేదండీ" అంటే మాత్రం రైతు మోటారు అక్కడే వదిలి టీకొట్టుకి పోవడం మంచిది.

బైబిల్లో జెకర్యా అనే ఆయనకు కొన్నాళ్లు మాట పడిపోతుంది. మందిరంలో ఆ అధ్యాయం చదివినప్పుడల్లా కొందరు ఆశగా ఈయన వైపు చూస్తారు. యోబు గ్రంథమైతే ఈయన ఉండగా చదవడమే మానేశారు. ఒకసారి చదివితే మధ్యలోనే లేచిపోయారు.

"ఒళ్లంతా పుండ్లతో మనిషి బూడిదలో కూర్చుంటే, ఓదార్చడానికొచ్చి తప్పు నీదే అంటారాండీ? స్నేహితులాండీ వీళ్లు?"

పాస్టరుగారు వెనకనుంచి కేకేశారు. "జెకర్యా గారండీ, చివర్లో దేవుడు కూడా వాళ్లని కోప్పడతాడండి. కూర్చోండి."

"మరి చివరిదాకా ఎందుకాగేడండి?" అని ఆయన గుమ్మం దాటేశారు.

ఆయన కూతురు ప్రశాంతి. ఆ ఇంట్లో ఆ పేరు పెట్టిందెవరని కొత్తవాళ్లు తప్పకుండా అడుగుతారు. ఆయనే పెట్టారు. ప్రశాంతి రాజోలులో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతి చదువుతున్నప్పుడు, అన్నం దగ్గర తెలుగులో మాట్లాడిందని మెడలో ఒక అట్ట వేలాడదీశారు. 'నేను ఇక తెలుగులో మాట్లాడను' అని దానిమీద ఇంగ్లీషులో రాసి ఉంది. కూతురికి పెన్సిలు పెట్టె ఇవ్వడానికి వెళ్లిన జెకర్యా గారు అది చూశారు. అట్ట తీసి నేరుగా ప్రిన్సిపాలు గదిలోకి వెళ్లారు.

"ఇది మీ మెడలో వేసుకుని సాయంత్రందాకా కూర్చోగలరాండీ? మీకు సిగ్గేస్తుందాండీ, వెయ్యదాండీ? పదకొండేళ్ల పిల్లకి వెయ్యదనుకున్నారాండీ?"

ప్రిన్సిపాలు నోరు తెరిచే లోపల కూతురి చెయ్యి పట్టుకుని గేటు దాటేశారు. ఆ రోజుతో బడి ఇంటికొచ్చేసింది. అయిదేళ్లుగా ఇంట్లోనే చదువు. ఈ ఏడాది ఓపెన్ స్కూల్లో టెన్త్ పరీక్ష కట్టించారు.

పాఠాలు పొద్దున ఆరింటికి మొదలవుతాయి, కోపం ఆరుంపావుకి. ఒక లెక్కలో ట్యాంకుకి పైనుంచి ఒక గొట్టం నీళ్లు నింపుతూ ఉంటుంది, కిందనుంచి ఇంకోటి ఖాళీ చేస్తూ ఉంటుంది. ఎంతసేపటికి నిండుతుందో చెప్పాలి. జెకర్యా గారు పుస్తకం మూసేశారు. "ముందు ఆ కిందది కట్టెయ్యమను. మోటారు ఏమైపోవాలనుకున్నారండి వీళ్లు?" ఇంగ్లీషు పాఠం మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. "పలకనప్పుడు ఆ అక్షరం అక్కడ కూర్చోవడమెందుకండి? చుట్టపుచూపుగా వచ్చిందా?" సోషల్ పుస్తకంలో గోదావరి డెల్టా గురించి మూడే మూడు వాక్యాలున్నాయని, దాన్ని అచ్చువేసినవాళ్లకు ఉత్తరం రాయించారు. ఏడు పేజీలు వచ్చింది. ఆ డెల్టా పాఠం ప్రశాంతికి జన్మలో మరిచిపోవడానికి వీల్లేకుండా పోయింది.

చదువు బాగానే సాగుతోంది. మనుషులే కరువయ్యారు. ఇంట్లోనే బడి కాబట్టి ప్రశాంతికి స్నేహితులంటే ఆదివారం సాయంత్రం మందిరంలో జరిగే యూత్ మీటింగే. అక్కడా ఎవరో ఒకరు "ఇంట్లో చదువుతున్నావా? అంటే మానేసినట్టే కదా" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు తండ్రి కోపంలో సగం కోపం వచ్చేది. పైకి మాత్రం నవ్వేది.

అందుకే ఈ మే నెలలో నాలుగు సంఘాల యువజనులకు బైబిలు క్విజ్ పెడుతున్నారనగానే, షీల్డు గెలిచి తీరాలనుకుంది. జట్టుకు ఇద్దరు. తోడుగా దీవెనను తీసుకుంది. దీవెనకు పదిహేడేళ్లు. తల్లి మస్కట్‌లో ఇంటిపనికి వెళ్లింది, ఈ పిల్ల అమ్మమ్మ అచ్చమ్మ దగ్గర ఉంటోంది. మందిరంలో పాట ఎత్తుకుంటే పిల్లలు కూడా అల్లరి మానేస్తారు. ఒక్కసారి వింటే చాలు, మాట పొల్లుపోదు.

"నువ్వు చదువు, నేను వింటాను. వింటేనే నాకెక్కుద్ది" అనేది. ప్రశాంతి చదివేది, ఆమె కళ్లు మూసుకుని వినేది. అలా మూడు నెలల్లో నాలుగు సువార్తలూ ఇద్దరికీ నోటికొచ్చేశాయి.

క్విజ్ వాళ్ల మందిరం వెనక రేకుల హాల్లోనే జరిగింది. రెండొందల మంది వచ్చారు. జెకర్యా గారు యూత్ కమిటీకి పెద్ద. వెళ్లిపోవడానికి వీలుగా ఆయన కుర్చీ ఎప్పుడూ గుమ్మం పక్కనే వేస్తారు. ప్రశ్నలు అడిగేది హేమంత్. అమలాపురంలో లెక్చరరు, యూత్ లీడరు, నెమ్మదైన మనిషి. చివరికి వీళ్ల జట్టూ మలికిపురం జట్టూ సమానంగా నిలిచాయి.

"ఇప్పుడొక కొత్త రౌండండి," అన్నాడు హేమంత్. "జట్టులో రెండోవాళ్లు నేను తీసిన అధ్యాయం పైకి చదివి భావం చెప్పాలి. ముందు దీవెన."

బైబిలు తెచ్చి దీవెన చేతిలో పెట్టాడు. ప్రశాంతి షీల్డు వైపే చూస్తోంది. దాన్ని ఇంట్లో టీవీ పక్కన పెట్టాలా, బీరువా మీద పెట్టాలా అన్నదే ఇక తేలాలి.

గుమ్మం దగ్గర కుర్చీ చప్పుడయింది.

"ఈ మైకుకి వైరింగు ఎవరు చేసేరండి?"

అందరూ తిరిగి చూశారు. ఎవరూ పలకలేదు.

"అడుగుతున్నానండీ. ఏ దౌర్భాగ్యుడు చేసేడండీ ఇది? పిల్లలున్న చోటండీ. రేపు షాకు కొడితే ప్రాణం మీరు తెస్తారాండీ, మీరు తెస్తారాండీ?"

పాస్టరుగారు ఏదో చెప్పబోయి, వేళ్లమీద లెక్క చూసుకుని ఊరుకున్నారు. అండీలు ఎక్కువే అయ్యాయి. జెకర్యా గారు విసురుగా బోర్డు దగ్గరికి వెళ్లి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నారు. మైకు మూగబోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి. మే నెల, పైన రేకులు. రెండు నిమిషాల్లో రెండొందల మందీ బయట కొబ్బరిచెట్ల కింద ఉన్నారు.

"బాబాయిగారండీ, ఆ ఫ్యూజు ఇప్పించండి," హేమంత్ వెంటపడ్డాడు.

"ఇవ్వనండి."

మోపెడ్ ఎక్కి ఫ్యూజుతో సహా వెళ్లిపోయారు. పెద్దలు చెట్టుకింద కూడి ఆలోచించి, ముందు రౌండ్లలో తక్కువ తప్పులు చేశారని మలికిపురం వాళ్లకు షీల్డు ఇచ్చేశారు.

మర్నాటి నుంచి ఇంటి బడిలో సమ్మె.

"అమ్మా, మాస్టారితో చెప్పు. ఇవాళ లెక్కలు లేవు."

"ఏవండీ, ఇవాళ లెక్కలు లేవంటండి."

"ఎందుకు లేవంట?"

"ఎందుకు లేవే?"

"షీల్డు లేదు కాబట్టి లెక్కలూ లేవు."

"ఇదిగో," అంది సువార్తమ్మ, "ఇద్దరి మధ్యా నన్ను సెల్ టవర్ చేసేరు. అక్కడ పులుసు మాడిపోతోంది. మీరూ మీరూ చూసుకోండి."

నాలుగో రోజు ప్రశాంతికి కోపం ఆగలేదు. "నీ కోపం మోటార్ల మీద చూసేను, స్కూలు మీద చూసేను. ఊళ్లో అందరూ నవ్వితే నేనూ నవ్వేను. నాకున్నది ఆ ఆదివారం ఒక్కటే నాన్నా. ఇప్పుడు అక్కడికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? నా కోసం ఒక్కసారి నోరు మూసుకుని కూర్చోలేకపోయేవా?"

జెకర్యా గారు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు. "వైరింగు బాగోలేదు," అన్నారు. చెయ్యి కడుక్కుని షాపుకి వెళ్లిపోయారు. అందులో ఒక్క అండీ కూడా లేదు. ఆ మాటలో అసలు కోపమే లేదు.

సువార్తమ్మ పళ్లెం తీస్తూ అంది. "వైరింగు బాగోకపోవడమేంటే. ఆ హాలుకి వైరింగు చేసింది మీ నాన్నే. రెండేళ్ల కిందట నాలుగు రోజులు నిచ్చెన దిగకుండా చేసేరు."

ప్రశాంతి అర్థం కాక తల్లి మొహంలోకి చూసింది. అంటే రెండొందల మంది ముందు ఆయన దౌర్భాగ్యుడన్నది తనని తానే అన్నమాట. పాస్టరుగారికీ తెలుసు, పెద్దలకీ తెలుసు. అందుకే ఎవరూ పలకలేదు. కోపం తగ్గలేదు గానీ, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. పెరట్లో కూర్చుని కొబ్బరి కోరడం మొదలుపెట్టింది. కూరకు ఒక చెక్క చాలు. మూడు కోరింది.

అప్పుడు దీవెన వచ్చింది.

"మీ నాన్నగారితో మాటలు మానేసేవంట కదా."

"నీకెందుకు?"

"నా వల్లే కాబట్టి." దీవెన పక్కన కూర్చుంది. "నాకు చదవడం రాదు, ప్రశాంతీ."

కొబ్బరి కోరుతున్న కోరాం ఆగింది.

"అమ్మ మస్కట్ వెళ్లినప్పుడు నాలుగో తరగతి. అమ్మమ్మకి నడుం పడిపోయింది, బడి మానేసేను. వచ్చిన నాలుగు అక్షరాలూ పోయేయి."

"మరి పాటల పుస్తకం పట్టుకుంటావుగా?"

"పక్కనోళ్లు పేజీ తిప్పినప్పుడు తిప్పుతాను. క్రిస్మస్‌కి తలకిందులుగా పట్టుకున్నాను. కానుకల సంచి పట్టుకుని మీ నాన్నగారు వచ్చేరు. చూసేరు. పుస్తకం సరిగ్గా తిప్పి చేతిలో పెట్టి వెళ్లిపోయేరు. ఎవరితోనూ అనలేదు, నాతో కూడా." దీవెన కొబ్బరిపీచు తుంపుతూ అంది. "మొన్న హేమంత్ గారు బైబిలు ఇచ్చినప్పుడు, పారిపోదామని గుమ్మం వైపు చూసేను. అక్కడ మీ నాన్నగారు నన్నే చూస్తున్నారు. అంతే, లేచేరు."

ప్రశాంతికి కళ్లు మండాయి. అయినా కోపమే ముందొచ్చింది. "మూడు నెలలు నా పక్కనే కూర్చున్నావు. నాకెందుకు చెప్పలేదే?"

"నీ చూపంతా షీల్డు మీదే ఉంది కదా," అంది దీవెన. తిట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

ప్రశాంతి చేతిలోని కొబ్బరిచిప్ప పక్కన పెట్టి లేచింది. లోపలికి వెళ్లి పలక తెచ్చింది.

మర్నాటి నుంచి దీవెన మధ్యాహ్నాలు కుట్టుపని నేర్చుకుంటున్నానని చెప్పి వాళ్లింటికి రావడం మొదలుపెట్టింది. సువార్తమ్మ కుట్టుమిషను ఖాళీగా తొక్కుతూ చప్పుడు చేసేది. రెండో రోజు జెకర్యా గారు భోజనానికి వచ్చి పలక చూశారు. "ఇవేం అక్షరాలండీ, చీమలాండీ?" అని విసుక్కుని, మోటార్లకు వేసే ఎర్రరంగుతో గోడమీద జానెడేసి అక్షరాలు రాసి వెళ్లారు.

"నాన్నా, నాకు తెలిసింది," అంది ప్రశాంతి గుమ్మం దగ్గర.

"ఈ ఇంట్లో తెలిసింది చాలు. ఇంకొకరికి తెలిసిందంటే నాకు కోపం వస్తుంది."

జూన్ రెండో ఆదివారం యూత్ మీటింగులో హేమంత్ ఆ సంగతి ఎత్తాడు. ఎత్తాలని అతనికీ లేదు, మూడు సంఘాలవాళ్లు అడుగుతున్నారు. ఇంకో ఎలక్ట్రీషియన్‌ని తెచ్చి చూపించాడట, వైరింగులో ఏ లోపమూ లేదట.

"బాబాయిగారు కారణం చెప్పాలండి, లేకపోతే కమిటీలోంచి తప్పుకోవాలంటున్నారు. ఆయన్నడిగితే తప్పుకుంటానన్నారు. నువ్వైనా చెప్పు ప్రశాంతీ. అసలెందుకు చేసేరు?"

నలభై మంది ఆమె వైపు తిరిగారు. ఒక్క మాటతో తండ్రి మచ్చ పోతుంది. మూడో వరసలో దీవెన రెండు చేతులూ కుర్చీమీద ఆనించి మెల్లగా లేవబోతోంది. నోరు తెరుస్తోంది.

ప్రశాంతి దిగ్గున లేచింది.

"ఎందుకేంటండీ? మే నెలలో రెండొందల మందిని రేకుల కింద కూర్చోబెట్టేరు, ఎందుకని ఎవరైనా అడిగేరాండీ? ముందు చెప్పని రౌండు పెట్టేరు, అడిగేరాండీ? అది బైబిలు క్విజ్జాండీ, పిల్లలకి పరీక్షాండీ? సారీ అండి, నాకు కోపం వచ్చిందండి. వచ్చే ఏడాది చూసి చదివే రౌండు ఉంటే మేం ఎవరం రామండి. ఆయన తప్పుకోరండి. కావాలంటే నన్ను తీసెయ్యండి."

చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. వెనక ఎవరో "అచ్చం తండ్రే" అన్నారు. హేమంత్ తల గోక్కుంటూ, సరే ఆ రౌండు తీసేద్దాం, ఈ సంగతి ఇక్కడితో వదిలేద్దాం అంటున్నాడు. కిటికీలోంచి చూస్తే దీవెన మళ్లీ కూర్చుని ఉంది.

బయట జెకర్యా గారు మోపెడ్ మీద ఉన్నారు. అంతా విన్నట్టే ఉన్నారు. బండి స్టార్టు చేశారు. ప్రశాంతి వెనక ఎక్కింది. కాలవ గట్టున చాలాదూరం వచ్చాక ఆయన గొంతు సవరించుకున్నారు.

"బాగానే అరిచేవు."

"ఆయ్."

"మధ్యలో సారీ అన్నావు."

"వచ్చేసింది నాన్నా."

"అనకూడదు. కోప్పడినోళ్లని చూసి జనం భయపడాలి, లేకపోతే నవ్వుకోవాలి. సారీ అంటే ఆలోచిస్తారు. ఆలోచిస్తే కారణం వెతుకుతారు."

"ఆయ్. ఈసారి అననులే."

బండి గతుకులో పడి ఇద్దరూ జానెడెత్తు లేచారు. జెకర్యా గారు వెంటనే ఆ రోడ్డు వేసినవాళ్లని అందుకున్నారు. వాళ్లు కళ్లున్న మనుషులేనాండీ అన్నారు. వెనకనుంచి ప్రశాంతి, "కంకర వేసేరాండీ, మరమరాలు వేసేరాండీ?" అని గొంతు కలిపింది. ఇల్లు చేరేదాకా తండ్రీకూతుళ్లు ఒక్క గతుకునీ వదల్లేదు.