మా మిద్దె మీద ఎండ ఎవరిది?

జహీరాబాద్‌లో ఎండకు కరువు లేదు. ఇన్నేళ్లూ దాన్ని తిట్టుకోవడమే తప్ప దానితో నాకు వేరే పని పడలేదు. ఆ ఎండే మా ఇంట్లో ఫ్యాన్లు తిప్పుతుందని, ఫ్రిజ్ నడుపుతుందని, మిగిలిన కరెంటు తీగల్లోకి పంపితే మన ఖాతాలో జమ అవుతుందని తెలిసిన రోజు నాకు కాలు ఒకచోట నిలవలేదు.

నేను ఝరాసంగం వైపు ఒక ఊరి బడిలో లెక్కలు చెబుతాను. షేరాటోలో పోయి వస్తుంటాను. మాతో పనిచేసే టీచరమ్మ ఒకామె ఇంటి మీద సోలార్ పెట్టించుకుని, మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

"ఇగో సూడు, గిప్పుడు మా ఇంటి మీద కరెంటు తయారైతుంది."

తెర మీద ఒక గీత పొద్దుటి నుంచి మెల్లగా పైకెక్కి మధ్యాహ్నానికి నెత్తిమీదికి చేరింది. ఆమె ఇక్కడ పప్పన్నం తింటోంది, ఆమె మిద్దె అక్కడ సంపాదిస్తోంది. నేను ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. ఆ సాయంత్రం ఆటోలో వస్తూ దారిపొడుగునా మిద్దెలే చూశాను. ఇంత ఎండ, ఇన్ని ఖాళీ మిద్దెలు, అంతా వృథా పోతోందని ప్రాణం ఉసూరుమంది.

నా ఆత్రానికి ఇంకో కారణం ఏసీ. మా పడకగది గోడ పడమటి వైపుంది. వేసవిలో రాత్రి దాకా సెగలు కక్కుతుంది. ఏసీ మాటెత్తితే మా ఆయన బిల్లు పేరు చెప్పి మొహం మాడ్చుకునేవాడు. సోలార్ వస్తే ఆ నోరు మూతపడుతుంది.

ఎరువుల దుకాణం నడిపే మనిషి ఆయన, అన్నీ అనుమానాలే. నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటే ఆయన ఒక్కొక్కటే అడిగాడు. కోతులు పగలగొడితే? వడగండ్లు పడితే? మిద్దె కురిస్తే? సబ్సిడీ ముందే వస్తదా, వెనకనా? వెనకనే వస్తుందని, ముందు మనమే మొత్తం కట్టాలని, బ్యాంకు అప్పు ఇస్తుందని నేను అన్నీ కనుక్కొచ్చాను. నెలకు కట్టే కిస్తీ, వేసవిలో వచ్చే బిల్లు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"సరే తియ్యి. నువ్వు ఇగ నిద్ర పోనియ్యవు," అన్నాడు.

సోలార్ పెట్టే ఆయన మిద్దె ఎక్కి టేపు పెట్టి కొలిచాడు. దక్షిణం వైపు సగం బాగుందన్నాడు. నీళ్ల ట్యాంకు నీడ సాయంత్రం ఏ మూలకు వస్తుందో సుద్దతో గీశాడు. మా వాడకానికి మూడు కిలోవాట్లు చాలన్నాడు. ఆఖరున ఇనుప చట్రం సంగతి ఎత్తాడు.

"మేడమ్, కిందికి పెట్టాల్నా, ఎత్తు మీద పెట్టాల్నా? ఎత్తు అంటే మనిషి కింద నిలబడొచ్చు. కానీ ఇనుము ఎక్కువ, గాలికి గట్టిగ బిగియ్యాలె, ఖర్చు జర పెరుగుతది."

"కిందికే పెట్టు," అన్నాం ఇద్దరం ఒకేసారి. పెళ్లయ్యాక మేమిద్దరం ఒకేసారి ఒకే మాట అనడం అరుదు. దానికే నేను మురిసిపోయాను.

అత్తమ్మ మెట్ల దగ్గర నిలబడి అంతా విన్నది. "మరి నా మిద్దె?" అంది. సగం మిగులుతుంది కదా అత్తమ్మా అన్నాను. ఆమె లోపలికి పోయింది.

ఆ మిద్దె సంగతి ఇక్కడ చెప్పాలి. మా పక్కింట్లో ఖాలా ఉంటుంది, ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. అత్తమ్మ ఈడుదే. వాళ్లది రేకుల ఇల్లు, ఆరేసుకోవడానికి మిద్దె లేదు. మా మెట్లు బయట నుంచే ఉన్నాయి. నేను కాపురానికి రాకముందు నుంచే ఖాలా మా మిద్దెను తన మిద్దెలాగే వాడుకుంటోంది. మిరపకాయలు, మామిడి ఒరుగులు, అన్నిటికన్నా ముఖ్యంగా రంజాన్ ముందు సేమ్యాలు. పిండి తడపడం ఖాలా పని, మిషను తిప్పడం అత్తమ్మ పని. నులక మంచం మీద తెల్ల పంచె పరిచి దాని మీద ఆరేస్తారు. ఖాలా ఎప్పుడూ మా తలుపు తట్టలేదు, ఎవర్నీ అడగలేదు. తట్ట నడుముకు ఆనించుకుని వంటింటి కిటికీ ముందు నుంచి తిన్నగా పైకి పోయేది. పోయాక పైనుంచి అక్కా అని అత్తమ్మను కేకేసేది. అత్తమ్మ ఆమెను ఆపా అంటుంది, ఉర్దూలో అదీ అక్కే. ఆ కేక విన్నాక అత్తమ్మ టీవీలో ఏం వస్తున్నా ఆపేసేది.

సోలార్ పలకలు వచ్చిన రోజు మా గల్లీ అంతా మా ఇంటి ముందే. నీలంగా, తళతళలాడుతూ ఒక్కొక్కటే పైకి పోతుంటే నేను బడికి సెలవు పెట్టి కింద నుంచి పైకి, పైనుంచి కిందికి తిరిగాను. పెరట్లో గుంట తవ్వి ఉప్పు, బొగ్గు వేసి ఎర్తింగ్ పెట్టారు. మా ఆయన కూడా దుకాణం వదిలి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని ఇంజనీరులా నిలబడ్డాడు. ఇక కరెంటు పోయినా మన ఇంట్లో పోదని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. పనివాళ్లు పోతూ పోతూ మెట్ల మొదట్లో ఒక పసుపు రేకు బిగించారు. దాని మీద పుర్రె బొమ్మ, కింద రెండు ఎముకలు.

తర్వాత ఎదురుచూపులు. కరెంటు ఆఫీసు వాళ్లు వచ్చి చూడాలి, పాత మీటరు తీసి రెండు వైపులా లెక్కించే మీటరు పెట్టాలి. అప్పటి దాకా పలకలు ఊరికే ఎండ కాచుకోవాల్సిందే. ఆ రోజుల్లో ఎండ చూస్తేనే నాకు కడుపు మండేది. ఆఖరికి మీటరు వచ్చింది, స్విచ్ వేశారు, నా ఫోన్‌లో గీత లేచింది. స్టాఫ్ రూములో నేను అరిచిన అరుపుకు పిల్లలు కిటికీల్లోంచి తొంగిచూశారు. ఆ వారమే ఊళ్లో కరెంటు పోయింది. మా ఇంట్లోనూ పోయింది. బ్యాటరీ లేని సోలార్ లైనులో కరెంటు ఉంటేనే పనిచేస్తుందట, లేకపోతే స్తంభం మీద పనిచేసేవాళ్లకు ప్రమాదమట. మా ఆయన గల్లీలో కొన్నాళ్లు తల వంచుకుని నడిచాడు. నేను మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాను.

రంజాన్ నెల దగ్గరపడింది, ఉపవాసాలు ఇంకా మొదలుకాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు తీస్తే ఖాలా. చేతిలో ఖాళీ తట్ట.

"బేటీ, పైకి పోవచ్చునా?" అంది.

నాకు అర్థం కాలేదు. ఎందుకు ఖాలా అడుగుతున్నావు అన్నాను. ఆమె మెట్ల దగ్గరి పుర్రె బొమ్మ వైపు చూసింది. "గది పెట్టిన్రు గదా. ఇప్పుడు మీకు మషీన్లు వచ్చినయ్. పూఛ్‌కే జానా, అడిగే పోవాలె," అంది. పో ఖాలా అని నవ్వుతూ పంపాను. ఆమె పైకి పోయి, చుట్టూ చూసి, వెంటనే దిగి వెళ్లిపోయింది. మిగిలిన ఉత్తరం సగంలో ట్యాంకు, గొట్టాలు పోగా మంచం పట్టదని నేను అప్పుడు గమనించలేదు.

అత్తమ్మ గమనించింది. రాత్రి అన్నం పెడుతుంటే కంచం ముందు కూర్చుని, "బెల్లు కొట్టింది. నా ఇంటికొచ్చి ఆపా బెల్లు కొట్టింది," అంది. కంచం పక్కకు జరిపింది. ఆ బెల్లు మోగింది కూడా మా మిద్దె మీది కరెంటుతోనే. ఆ మాట పైకి అనబోయి మింగేశాను.

ఆ వారంలోనే ఒకరోజు బడిలో ఫోన్ తీసి చూశాను. మిట్టమధ్యాహ్నం, ఆకాశంలో మబ్బు తునక లేదు, నా గీత మాత్రం ధబాలున కిందపడి నేలకు అంటుకుంది. సోలార్ ఆయనకు ఫోన్ చేసి ఎత్తగానే ఎగిరాను.

"ఏం పలకలు పెట్టిన్రు మాకు? నెల తిరగలేదు, అప్పుడే ఖరాబైనయా?"

"ఫికర్ చెయ్యకున్రి మేడమ్. ఏదన్న నీడ పడ్డదేమో చూడున్రి. అన్నీ ఒకటే వరుస గదా, జర్రంత మూసినా అన్నిటికి దెబ్బ పడ్తది."

హెడ్మాస్టరును బతిమాలుకుని పూటకు సెలవు తీసుకున్నాను. ఆటోలో దారంతా కోతులే కళ్లముందు కనిపించాయి. ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా మెట్లెక్కాను.

పలకల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్ల పంచెలు. పంచెల మీద సన్నగా, వరుసగా, ముద్దుగా సేమ్యాలు. జారకుండా అంచులకు మా బట్టల క్లిప్పులు. అత్తమ్మ, ఖాలా ట్యాంకు నీడలో కూర్చుని చాయ్ తాగుతున్నారు.

"జల్ది వచ్చినవేందే?" అంది అత్తమ్మ. "సూడు, మంచం కన్న ఎంత మంచిగున్నయో. దుమ్ము లేదు, కింద గూడ గరమే. పొద్దుగాల పెడితే గిప్పటికే గలగల ఎండినయ్. ఆపా రానంటే నేనే గుంజుకొచ్చిన."

నేను నోరు తెరిచాను. ఎండతో కరెంటు చేయడానికి రెండు లక్షల దాకా పెట్టాను, అత్తమ్మ దాన్ని సేమ్యాల బల్ల చేసింది. కోపం గొంతు దాకా వచ్చి అక్కడే నవ్వై బయటపడింది. కడుపు పట్టుకుని ట్యాంకు గోడకు ఆనుకుని నవ్వాను. వాళ్లూ నవ్వారు, ఎందుకో తెలియకపోయినా.

తర్వాత చెప్పక తప్పలేదు. ఎండ తగిలితేనే కరెంటు వస్తుందని, మూస్తే ఆగిపోతుందని, మీదికి వంగడం కూడా మంచిది కాదని చెప్పాను. ఖాలా చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఒక్కొక్క క్లిప్పే తీసి, సేమ్యాలు విరగకుండా పంచెలు మడిచి తట్టలోకి ఎత్తింది. నేను సాయం పోతే వద్దంది.

"నక్కో బేటీ. మీ మషీన్ ఖరాబైతది. ఈసారి బజార్ల కొనుక్కుంట తియ్యి. అందరు కొంటున్రు గదా," అంది. నవ్వుతూనే అంది. మెట్లు దిగేటప్పుడు పుర్రె బొమ్మ పక్క నుంచి ఒదిగి పోయింది.

నా గీత మళ్లీ పైకెక్కింది. అత్తమ్మ మాత్రం గ్లాసులు తీసుకుని కిందికి పోయి మంచం మీద పడుకుంది, గోడ వైపు తిరిగి. నాకు ఆ మధ్యాహ్నం చాలా దుఃఖం కలిగింది. ఎండ మీద నాకంటే ముందు హక్కున్న వాళ్లను నేనే కదా దించేశానని అనిపించింది.

సాయంత్రం మళ్లీ సోలార్ ఆయనకు ఫోన్ చేశాను. ఈసారి అరవలేదు. పలకలు విప్పి ఎత్తు చట్రం మీద పెట్టాలంటే ఎంతవుతుందని అడిగాను. ముందే పెట్టించుకుంటే తక్కువయ్యేది మేడమ్ అని, ఎంతవుతుందో చెప్పాడు. సరిగ్గా ఏసీ కోసం నేను దాచుకున్న డబ్బంత. ఒక్క క్షణం పడకగది గోడ తలుచుకున్నాను. రేపే రమ్మన్నాను.

మా ఆయన విని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఏసీ కోసం సోలార్ పెట్టినం. ఇప్పుడు సోలార్ కోసం ఏసీ పాయె. లెక్కల టీచర్ అంటే నువ్వే," అన్నాడు. అన్నాడే గానీ, మర్నాడు దుకాణం తాళం మధ్యాహ్నానికే వేసి వచ్చి పైపులు మోయించాడు.

వెల్డింగు నిప్పురవ్వలు ఎగురుతుంటే గల్లీ మళ్లీ పోగయింది. కాళ్లు లోతుగా బిగించి కాంక్రీటు పోశారు, గాలికి అడ్డ కడ్డీలు వేశారు. కాంక్రీటు గట్టిపడ్డాక పలకలన్నీ కొంచెం ఉత్తరానికి జరిగి మా తలల పైకి ఎక్కాయి. కింద మిద్దె మిద్దెలాగే ఉంది, పైగా ఇప్పుడు దానికి సగం నీడ. చట్రానికి దక్షిణంగా పిట్టగోడ దాకా మంచం పట్టేంత ఎండ మిగిలింది. నాకు ఆనందంతో అక్కడే ఒక చుట్టు తిరగాలనిపించింది, తిరిగాను కూడా. పోయే ముందు పనివాడిని ఆపి, మెట్ల దగ్గరి పుర్రె రేకును ఊడపీకించి పైన కరెంటు డబ్బాకు బిగించమన్నాను.

ఖాలాను పిలవమంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "పిలిస్తే చుట్టమోలె వస్తది. పిలవొద్దు," అంది. పిలవలేదు. రెండు రోజులు టీవీ చప్పుడు తగ్గించి పెట్టుకుని కూర్చుంది. నేను బడి నుంచి వచ్చి ఆమె మొహం చూసేదాన్ని, ఆమె అడ్డంగా తల ఊపేది.

శనివారం ఒంటిపూట బడి. వంటింట్లో చాయ్ పెడుతూ ఫోన్‌లో గీత చూసుకుంటున్నాను. కిటికీ ముందు నుంచి నడుముకు తట్ట ఆనించుకుని ఎవరో పోయారు. కిటికీ వైపు చూడలేదు, ఆగలేదు. చెప్పుల చప్పుడు మెట్ల మీద ఒక్కొక్కటే పైకి పోయింది. బెల్లు మోగలేదు.

ముందు గదిలో టీవీ ఆగిపోయింది.

"అక్కా!" పైనుంచి కేక. "మంచం ఏడ వెట్టినవ్? పొద్దు వోతుంది!"

అత్తమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంటూ అప్పటికే సగం మెట్ల మీద ఉంది. నేను ఫోన్ పొయ్యి గట్టు మీద పెట్టేసి, మంచం ఎత్తుకుని వెనకే పైకి పోయాను.