ఎనిమిదణాల బోల్టుకి పన్నెండా, పదమూడా

మా ఇంట్లో అంగుళానికి పదహారణాలు. ఈ బర్మా దేశంలో, పజుండౌంగ్ కాలవ ఒడ్డున మా నాన్న ఇనుము కోసే లేతు మిషను పెట్టిన రోజుల్లో, బర్మా వాళ్ళు వచ్చి అంగుళంలో ఎనిమిదో వంతుని 'మూ' అనీ, పదహారో వంతుని 'పే' అనీ అడిగేవారట. రెండూ వాళ్ళ పాత నాణేల పేర్లే. మా నాన్న ఆ నాణేలని తెలుగులోకి మార్చుకున్నాడు. మూ అంటే బేడ, పే అంటే అణా. పావలా బోల్టు అంటే పావంగుళం మందం, ఎనిమిదణాల బోల్టు అంటే అరంగుళం. ఆ నాణేలు చెల్లకుండా పోయి ఎంత కాలమయినా నేనూ మా తమ్ముడూ ఇంకా అదే లెక్కలో మాట్లాడుకుంటాం. ముందు గదిలో బోల్టులూ నట్లూ నేను అమ్ముతాను. వెనక గదిలో వాడు లేతు నడుపుతాడు.

ఆ లెక్కలో ఒక లోటుంది. అది మందం చెబుతుంది గాని మరల సంగతి చెప్పదు. బోల్టు చుట్టూ తిరిగే మరలని మేం పళ్ళు అంటాం. ఇనుప కడ్డీ మీద ఆ పళ్ళు కోసే గుండ్రటి పనిముట్టు డై. యుద్ధం అయిపోయాక ఇంగ్లీషు సైన్యమూ అమెరికా సైన్యమూ ఇక్కడ వదిలేసి పోయిన సామాను ఈ ఊళ్ళో ఇప్పటికీ అక్కడక్కడా తిరుగుతూనే ఉంది. మా దగ్గరికి వచ్చే చాలా సైజుల్లో రెండు దేశాల బోల్టులకీ పళ్ళ లెక్క ఒకటే, ఒక డైతో గడిచిపోతుంది. అరంగుళం దగ్గర మాత్రం గడవదు. అంగుళం పొడవుకి ఇంగ్లీషు బోల్టుకి పన్నెండు పళ్ళు, అమెరికా బోల్టుకి పదమూడు.

నిరుడు ఎండాకాలం, తింజాన్ నీళ్ళ పండగ ఇంకా రాకముందు, మా అక్క మొగుడు నది అవతలి దలా నుంచి పడవలో వచ్చాడు. దలాలో ఆ రోజుల్లో తాగే నీళ్ళకి కటకట. బావ ఇంటి వెనక సొంత చెరువుంది, దాని గట్టు మీద సైన్యం వదిలేసిన పాత పంపు ఉంది. మా నాన్న దాన్ని తుక్కు కింద కొని, బాగు చేసి, అక్క పెళ్ళప్పుడు వాళ్ళకిచ్చాడు. ఆ పంపుతో నీళ్ళు గుమ్మం దగ్గరి తొట్టిలోకి ఎక్కించి, డబ్బా పట్టుకుని వచ్చినవాళ్ళకల్లా పోసేది మా అక్క. ఆ ముందు చలికాలంలో ఆవిడ పోయింది. ఆవిడ లేని మొదటి ఎండాకాలం అది. వీధివాళ్ళు తొట్టి దగ్గరికి వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్ళకూడదని బావ పట్టుదల. అప్పుడే పంపు నాలుగు బోల్టుల్లో ఒకటి తుప్పు తిని తెగింది.

ఆయన తువ్వాలు మూటలోంచి చిన్న ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"మరదలా, ఎనిమిదణాల బోల్టు ఒకటి కోయించీ. సాయంత్రం పడవకి ఎలిపోవాల."

"పళ్ళెన్ని?"

"నీ నోట్లో ఉన్నవాటికన్నా ఎక్కువే."

వెనక నుంచి తమ్ముడు పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేదు. పళ్ళు కొలిచే గేజి తీసి ముక్కకి ఆనించాను. పన్నెండుదీ కూర్చున్నట్టే ఉంది, పదమూడుదీ కూర్చున్నట్టే ఉంది. కన్నంలో ఇరుక్కున్న ముక్కని బావ ఉలితో కొట్టి కొట్టి తీసినట్టున్నాడు, సగం పళ్ళు నలిగిపోయాయి. మిగిలింది అరంగుళం పొడవు. అంత పొట్టి ముక్కలో పన్నెండుకీ పదమూడుకీ తేడా అర పన్ను.

"దీంతో తేలదు బావా. నట్టేదీ?"

"పోనాది."

"ఎక్కడ పోయింది?"

"పోయినదానికి అడ్రెస్సేటి? కొత్త నట్టుకూడా నువ్వే ఇచ్చీ."

"పోనీ, మిగతా మూడింట్లో ఒకటి ఇప్పి పట్టుకురా. నిమిషంలో సెప్పీగలను."

"బాగున్నవాటిని ఎందుకు కెలకడం?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. అది నేను చూశాను. చూసి, మళ్ళీ గేజి వైపు తిరిగాను.

"అక్కా, కరెంటుంది. ఉండగానే ఏదో ఒకటి సెప్పు" అన్నాడు తమ్ముడు. ఇప్పుడు ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. పోతే లేతు రేపటి మాటే.

మా దగ్గరున్నది పన్నెండు పళ్ళ డై. పదమూడుది కావాలంటే పాత ఇనుము కొట్లన్నీ వెతకాలి. గురువారానికి తెప్పిస్తానన్నాను.

"గురువారానికి సెరువులో బురద మిగుల్తాది" అన్నాడు బావ. "ఓ లెక్కల మరదలా, మావగారు ఈ పంపుని ఏటనీవోరు? దొరల పంపు అనీవోరు గాదా. దొరలంటే ఇంగ్లీసోళ్ళు. ఇంగ్లీసోళ్ళయితే పన్నెండు. ఇంకేటి?"

"అదీ నిజమే" అన్నాడు తమ్ముడు.

మా నాన్న దొరల పంపు అనేవాడన్నది నిజమే. కాని తెల్లగా ఉండి, బూట్లేసుకుని, చేత్తో సైగ చేసి పని చెప్పిన ప్రతి సిపాయీ మా నాన్నకి దొరే. వాడు ఏ దేశం వాడో అడిగే అలవాటు ఆ తరానికి లేదు.

"అమెరికావోడిని కూడా నాన్న దొరే అనీవోడు" అన్నాను.

"అయితే ఆ అమెరికా దొర నీ సెవిలో సెప్పీసి ఎల్లినాడేటి, ఇది నాదేనని?"

ఈసారి నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే వెనక లేతు తిరగడం మొదలయింది. బోల్టు చల్లారాక గుడ్డలో చుట్టి ఇస్తూ చెప్పాను: "సేత్తో తిరిగినంతవరకే తిప్పు. బిగుసుకుంటే ఆపీ. పానా ఎట్టకు."

"అలాగేలే" అని సైకా రిక్షా ఎక్కి రేవుకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఫోను. ఆయన గొంతులో ఎగతాళి లేదు.

"మూడు సుట్లు సేత్తోనే ఎల్లింది మరదలా. తరవాత బిగిసింది. తుప్పనుకున్నాను. నూనేసి పానా ఎట్టినాను."

"తరవాత?"

"పంపు సెవి పగిలిపోనాది."

బోల్టు దూరే చోట పోత ఇనుము చెవిలా బయటికి ఉంటుంది; ఆ చెవి కన్నం లోపలా పళ్ళుంటాయి, నట్టు ఆ పైన బిగింపుకి. పోత ఇనుము వంగదు, పగులుతుంది. పన్నెండు పళ్ళ బోల్టు పదమూడు పళ్ళ కన్నంలో మొదటి చుట్లు మర్యాదగానే వెళుతుంది. పేచీ ఆ తరవాతే. తమ్ముడు తనకు తెలిసిన వెల్డింగు మనిషిని పంపించాడు. అతను అతికి, మోటారు తిప్పి చూశాడు. అతుకు పక్కనే కొత్త పగులు పారింది. దీనికి ఇంక మనం చెయ్యగలిగింది లేదని డబ్బు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడట.

గురువారానికి పదమూడు పళ్ళ డై దొరికింది. పంపు పోయినా నేను వెతకడం మానలేదు. దాంతో ఒక బోల్టు కోయించి, మోకాళ్ళ నొప్పిని కూడా వెంటబెట్టుకుని పడవెక్కి దలా వెళ్ళాను.

బావ టీ పెడతానని లోపలికి వెళ్ళాడు. నేను దేవుడి అర వైపు తిరిగి దణ్ణం పెట్టబోయాను. అక్క ఫోటో ముందు, రాగి చెంబు పక్కన, ఒక నట్టు ఉంది. అరంగుళానిది. దాని మీద పసుపూ, ఆ పసుపు మీద కుంకుమ బొట్టూ గ్రీజులో అంటుకుని గట్టిపడి ఉన్నాయి.

దసరాకి మా ఇళ్ళలో పనిముట్లకి పూజ. బొట్టు పెట్టే పని ఎప్పుడూ అక్కదే. ఆ పోయిన దసరాకి కూడా పంపు నాలుగు నట్లకీ ఆవిడే పెట్టిందని అప్పుడు గుర్తొచ్చింది. పెరట్లోకి వెళ్ళి చూశాను. పంపు ఒళ్ళంతా దుమ్మూ నూనే. మిగతా మూడు నట్ల మీదా బొట్లు చెదరలేదు. వాటి చుట్టూ ఎవరో గుడ్డతో జాగ్రత్తగా తుడుస్తూ వచ్చారు.

బావ టీ గ్లాసులతో నా వెనకే వచ్చి నిలబడ్డాడు.

"పోనాదన్నావు" అన్నాను.

"పానా ఎడితే బొట్టు సెరిగిపోదా?" అన్నాడు. "మళ్ళీ ఎట్టీవోలు ఎవులున్నారు?"

"నాతో సెప్పొచ్చు గదా బావా."

"సెప్తే నవ్వుతావనుకున్నాను. నువ్వు పళ్ళ లెక్క అడిగినావు. ఇది ఏ లెక్కలో సెప్పాల?"

ఆ నట్టు ఒక్క నిమిషం నా చేతికిచ్చి ఉంటే చాలేది. నా దగ్గర అటు పన్నెండు పళ్ళవీ, ఇటు పదమూడు పళ్ళవీ పాత బోల్టు ముక్కలు, ఆనించి చూడటానికి ఉంచినవి, రెండేసి ఉన్నాయి. లోపలి నుంచి తిప్పి చూడటానికి పైన బొట్టుని తాకనవసరం లేదు. ఆయన నా వైపు చూడకుండా మాట్లాడినప్పుడు ఇంకొక్కసారి అడిగి ఉండాల్సింది నేను.

లోపలికి వచ్చాక సంచీలోంచి కొత్త బోల్టు తీశాను. ఆయన నట్టుని అంచులు పట్టుకుని అర మీంచి దించాడు. బోల్టు నేను పట్టుకున్నాను, నట్టు ఆయన తిప్పాడు. వేలితో తోస్తే చాలన్నట్టు చివరిదాకా వెళ్ళింది. ఎక్కడా పట్టలేదు. కుంకుమ రాలలేదు.

"అమెరికావోడే" అన్నాడు బావ.

"వాడే" అన్నాను.

ఆయన ఆ బోల్టుని నట్టుతో సహా అక్క ఫోటో ముందు పెట్టాడు. గుమ్మం దగ్గర డబ్బా చప్పుడయింది. పక్క వీధి ఆడమనిషి తొట్టిలోకి వంగి చూసి, "ఊలే, యే షీలా?" అంది. బాబాయ్, నీళ్ళున్నాయా అని.

బావ గుమ్మం దాకా వెళ్ళాడు. మా అక్క ఉండగా ఆ ఇంట్లో ఎన్నడూ వినని మాట ఆయన నోటి వెంట నెమ్మదిగా వచ్చింది.

"మషీబూ." లేవు అని.