అమ్మను తీసుకెళ్ళని బేరం

మా పిన్ని నగల కొట్టులోకి అడుగుపెడితే అక్కడ పనిచేసేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. ఆవిడ కుర్చీలో కూర్చోకముందే కూల్‌డ్రింకు వచ్చేది. ఆవిడ దాన్ని ముట్టుకునేది కాదు. "వాళ్ళది తాగి వాళ్ళతోనే బేరమాడాలంటే మొహమాటంగా ఉంటుందే. అందుకే ఇస్తారు" అని నా చెవిలో చెప్పేది. ఆ చెవిలో చెప్పడం కౌంటరు అవతలికి కూడా వినపడేది.

ఆవిడ మా అమ్మకు చెల్లెలు. పెళ్ళి కాకముందు నుంచీ మోకాళ్ళు మొరాయించేదాకా ఒక పెద్ద బట్టల కొట్టులో నిలబడి చీరలూ పరదా గుడ్డలూ అమ్మింది. "అమ్మేవాళ్ళ నవ్వు నాకు తెలియదా? ఆ నవ్వు నవ్వే కదా ఇన్నాళ్ళూ జీతం తీసుకున్నాను" అనేది. చుట్టాల్లోగానీ వీధిలోగానీ ఎవరు బంగారం కొనాలన్నా ఆవిడ వెంట ఉండాల్సిందే. చాటున అందరూ 'త్రాసు' అనేవారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, లోపల్లోపల మురిసిపోయేది కూడా.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. ఆ రోజు ధర బయటే కనుక్కుని వెళ్ళేది. రాళ్ళున్న నగ చూపిస్తే రాళ్ళ బరువు విడిగా చెప్పమనేది. తరుగు లేదని బోర్డు పెట్టిన చోట మజూరీ ఎంతని అడిగేది. ఇక్కడ వదులుకున్నది అక్కడ రాబట్టుకుంటారని ఆవిడ అనుమానం, చాలాసార్లు అది నిజమే అయ్యేది. హాల్‌మార్కు ముద్ర ఉందో లేదో తన భూతద్దంతో తనే చూసుకునేది. అన్నీ అయ్యాక, "ఇదే నగ రేపు నీ దగ్గరికే తెస్తే ఎంతకు తీసుకుంటావ్ బాబూ? ఆ ముక్క బిల్లు మీద రాసివ్వు" అనేది. అక్కడ మాత్రం చాలామంది నీళ్ళు నమిలేవారు.

ఇదంతా ఊరికే అబ్బిన విద్య కాదు. కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో ఆవిడ తన జీతంతో రాళ్ళ నెక్లెస్ కొనుక్కుంది. బాబాయికి జబ్బు చేసినప్పుడు దాన్ని అమ్మడానికి తీసుకెళ్తే, కొన్న కొట్టువాడే రాళ్ళు పీకేసి, లోపలి లక్క కరిగించి, మిగిలిన కాస్త బంగారం తూచి చూపించాడు. తెచ్చిన డబ్బు మందులకు చాలలేదు. ఎవరి ముందూ చెయ్యి చాపని మనిషి ఆ వారమంతా ఇంటింటి గుమ్మం ఎక్కింది. బాబాయి బతికాడు. పిన్ని మాత్రం మళ్ళీ మెడలో నగంటూ ఏదీ వేసుకోలేదు.

అందుకే ఆవిడ మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. అమ్మ కూడా ఆ ధైర్యంతోనే ఆవిడను అడిగింది.

అమ్మ బతుకంతా లాండ్రీలో ఇస్త్రీ చేసింది. ఇస్త్రీ చేసే చేతికి గాజు అడ్డం, వేడెక్కితే చర్మం కాలుతుంది. అందుకని బోసి చేతులతోనే ఏళ్ళు గడిచిపోయాయి. పని మానేసిన నాడు, దాచుకున్న డబ్బు చెల్లెలి చేతిలో పెట్టి, "నాకో జత బంగారు గాజులు కొనిపెట్టవే. సాదావి చాలు" అంది. ఆ మాట అనడానికి కూడా సిగ్గుపడింది. తనకోసం ఇది కావాలని అమ్మ నోరు తెరిచి అడగడం నేను వినడం అదే మొదటిసారి.

"నాకొదిలెయ్ అక్కా" అంది పిన్ని.

ఆ వదిలెయ్యడం ఎక్కడికీ తేలలేదు. ధర ఎక్కితే, "ఇప్పుడెవరైనా కొంటారా?" అనేది. దిగితే, "ఇంకా దిగుతుంది, ఆగు" అనేది. ఒక కొట్టులో మజూరీ ఎక్కువ, ఇంకో కొట్టులో గాజులు లోపల గుల్ల, నొక్కితే సొట్టపడతాయి. ఎండలు పోయి వానలొచ్చాయి, మళ్ళీ ఎండలొచ్చాయి. నేను ఒకసారి అమ్మనే కొట్టుకు తీసుకెళ్తానన్నాను. పిన్ని నామీద విరుచుకుపడింది.

"ఆశపడే మనిషిని కొట్టుకు తీసుకెళ్ళకూడదే! దాని కళ్ళు చూడగానే వాడు ధర పెంచుతాడు. నేనూ అదే పని చేసేదాన్ని కదా, నాకు చెప్తావా?"

అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. సరేలే అంది. పనులయ్యాక కిటికీ దగ్గర కూర్చుని వేళ్ళకు మందు రాసుకునేది. కీళ్ళ నొప్పులని తెలుసు, మందు తెచ్చేది నేనే. గాజుల సంగతికీ ఆ వేళ్ళకీ ముడి ఉందని మాలో ఎవరికీ తట్టలేదు.

చివరికి ఒకరోజు పిన్ని వెలిగిపోతూ వచ్చింది. గట్టి గాజులు, ముద్ర సరిగ్గా ఉంది, మజూరీ సగానికి సగం తగ్గించారు. అమ్మ పెట్టెలో పడి ఉన్న పాత ప్లాస్టిక్ గాజు కొలతకు తీసుకెళ్ళి అచ్చంగా అదే సైజు తెచ్చింది. "వీధిలో ఇంత మంచి బేరం ఇంకెవరికైనా కుదిరిందేమో చూపించు" అంది నాతో.

గాజు అమ్మ వేళ్ళ మొదళ్ళ దగ్గర ఆగిపోయింది.

సబ్బు రాశారు. చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి మళ్ళీ నెట్టారు. అమ్మ పంటి బిగువున ఓర్చుకుంది. వాచిన కణుపులు ఎర్రబడ్డాయి. "ఇంకాస్త నెట్టవే, పడుతుంది" అని అమ్మే బతిమాలింది. పిన్ని గాజు తీసి, తడి తుడిచి, పెట్టెలో పెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు మిగిల్చిన మజూరీతో అమ్మ వేళ్ళు సన్నబడతాయా పిన్నీ?" అన్నాను. అమ్మ నన్ను కసిరింది. ఆ మాట అనాల్సిందేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

మర్నాడు కొట్టుకు వెళ్ళాం. గాజులమ్మిన పెద్దాయన పాత పగలేమీ తీర్చుకోలేదు. "మార్చుకోవచ్చమ్మా. మజూరీ పోతుంది, కొత్తవాటికి మళ్ళీ మజూరీ. మీకు తెలియనిదేముంది?" అన్నాడు మెల్లగా. "కానీ కణుపులు దాటేంత పెద్దవి తీసుకుంటే మణికట్టు దగ్గర ఆగవు, జారిపోతాయి. వీటినే కోయించి, తెరిచి మూసుకునేలా మర పెట్టించండి."

కంసాలి దగ్గర పిన్ని ముక్కాలిపీట మీద కూర్చుంది. అతను సన్నటి రంపంతో గాజును కోశాడు. నున్నటి, మచ్చలేని బంగారం రెండుగా విడిపోయింది. కింద పళ్ళెంలో పొడి రాలింది. పిన్ని సంగతి అతనికి తెలుసు. పొడిని కాగితంలోకి ఎత్తి, "తూచి చూపించమంటారా అమ్మా?" అన్నాడు.

"ముందు ఆ మర సరిగా తిరుగుతుందో లేదో చూడు నాయనా. పట్టేయకూడదు. మా అక్క వేళ్ళకు నొప్పి" అంది పిన్ని.

సాయంత్రం మా గదిలో మంచం మీద, కిటికీలోంచి వెలుతురు పడేచోట అమ్మను కూర్చోబెట్టింది. గాజు తెరిచి మణికట్టు చుట్టూ పెట్టి మూసింది. గోరుతో మర తిప్పుతూ, "అక్కా, నీ డబ్బులో చాలా మిగిలింది. కోతకు పోయింది నేను పెట్టుకుంటాను. ఇంత తక్కువలో ఎవరూ..." అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది.

అమ్మ చెయ్యి వెలుతురులోకి ఎత్తి చూసుకుంది. మణికట్టు మీద ఇస్త్రీ పెట్టె కాల్చిన పాత మచ్చలు, వాటి మీద గాజు. చాలాసేపు చూసుకుంది. కళ్ళు తుడుచుకుంది. ఆ గొంతులో కోపం లేదు.

"చవగ్గా కొనిపెట్టమని నేనెప్పుడన్నానే? కొనిపెట్టమన్నాను, అంతే."

పిన్ని తల ఎత్తలేదు. రెండో గాజు చేతిలోకి తీసుకుని, ఆ చెయ్యి కూడా ఇటివ్వమంది.