జక్కరయ్య అయ్యగారి ప్రార్థన, రూతమ్మ గారి గరిటె

అది 2025. రేషన్ షాపుల్లో సన్నబియ్యం ఇవ్వడం మొదలైన ఏడాది. వానలు వెనక్కి తగ్గి, పెళ్లిళ్ల సీజన్ ఇంకా అందుకోని రోజుల్లో, సూర్యాపేట కూరగాయల మార్కెట్ వెనక నా గోదాములో పెద్ద గిన్నెలకు కళాయి పూయిస్తూ కూర్చున్నాను.

నేను వంట మేస్త్రిని. పెళ్లిళ్లకు, ఉర్సులకు, చర్చి పండుగలకు వండుతాను. నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పిపెట్టే మనిషి ఇంకెవరూ దొరకలేదు. ఒకసారి మిర్యాలగూడలో నేను బిర్యానీ దమ్ విప్పితే, ఆ వాసనకు గుంటూరు పోవాల్సిన రైలు స్టేషన్లో మొండికేసి నిలబడింది. ఇంజనులోకి ఒక పొట్లం అందిస్తే గానీ కదల్లేదు. నమ్మనివాళ్లు ఆ రైలునే అడగవచ్చు.

దమ్ అంటే మరేం లేదు. ముక్కాలు వంతు ఉడికిన అన్నానికి మూత బిగించి, కింద సన్నని సెగ, మూత మీద నిప్పులు పెట్టి, ఆవిరి బయటికి పోకుండా మగ్గనివ్వడం. మా పనిలో సగం నేర్పు మూత తీయకుండా ఉండటంలోనే ఉంది.

ఆ రోజు గోదాముకు ప్రభాకర్ సార్ వచ్చాడు. చివ్వెంల అవతల ఒక పల్లెలో టీచరు, అక్కడి చర్చి కమిటీకి సెక్రటరీ.

“మేస్త్రీ, మా చర్చికి నూరేండ్లు నిండుతున్నయి. బగార అన్నం, మటన్, పెరుగు చట్నీ, డబుల్ కా మీఠా. వెయ్యిమంది అనుకో.”

“వెయ్యిమందా! నాకది పొద్దుగాల టిఫిన్ సార్.”

“జర ఆగు. మెనూల ఇంకో ఐటం ఉంది. గదే పరేషాన్. మా మొదటి పాస్టరు జక్కరయ్య అయ్యగారి బిడ్డ, సుగుణమ్మ టీచరమ్మ, కోదాడల ఉంటది. ఆయన పిల్లలల్ల ఇగ ఆమె ఒక్కతే మిగిలింది. ఆమె చెయ్యి పడకుంటే మా పండుగ పండుగే కాదు. వస్త గని, మా అమ్మ వండిన అన్నం ముందుగాల అందరికీ పెట్టాలె అంటున్నది.”

“అన్నమే గద సార్? పెడదాం.”

“నువ్వొచ్చి ఆమెతోని మాట్లాడు. అప్పుడు అను ఆ మాట.”

కోదాడలో సుగుణమ్మ గారు మనవరాలి ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. తొంభైకి దగ్గరపడిన మనిషి. ఆరో తరగతి పిల్లవాడి జవాబు దిద్దుతున్నట్టు నన్ను కిందినుంచి పైదాకా చూశారు.

నేను కొంచెం మంచి చేసుకుందామని, “మీ నాయనగారి సంగతులు మస్తు విన్న టీచరమ్మా. మూసీ పొంగినప్పుడు మిషన్ దొర తెల్లగుర్రమెక్కి వస్తుంటే, మీ నాయనగారు చెయ్యి చాపంగనే నది రెండుగ చీలిందట గద!” అన్నాను. నిజానికి నేను విన్నది గుర్రం వరకే. నది చీలడం దారిలో తోచింది.

“గుర్రం ఎవరు చెప్పారయ్యా?” అన్నారామె. “మిషన్ దొర చలికాలంలో ఏడాదికోసారి డేరా తీసుకుని ఎద్దుబండి మీద వచ్చేవాడు. పాలేరు వాగులో బండి దిగబడితే మా నాన్న భుజం పెట్టి తోశాడు. దొర కూడా దిగి తోశాడులే, మంచివాడే. చీలింది నది కాదు, మా నాన్న పంచె.”

ప్రభాకర్ సార్ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. అబద్ధాల్లో పెద్ద చదువు చదివిన నేను, ఆ నిజం ముందు చేతులు కట్టుకున్నాను.

ఆమె చెప్పుకుంటూ పోయారు. జక్కరయ్య అయ్యగారికి మిషన్ ఇచ్చేది అంతంతమాత్రం. ఒక గొడుగు, ఒక సంచి, కాళ్లు అదనం. పొద్దున బయల్దేరితే చుట్టుపక్కల పల్లెలన్నీ నడిచి, జ్వరమొచ్చిన ఇంట్లో మాత్ర ఇచ్చి, చనిపోయిన ఇంట్లో గుంత తవ్వి, సాయంత్రం దీపం కింద కూలీల పిల్లలకు అక్షరాలు దిద్దించేవారు.

“మరి ఇల్లెట్ల గడిచేది టీచరమ్మా?”

“పిడికెడు బియ్యంతో. ప్రతి ఇంట్లో ఆడవాళ్లు ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేసేవాళ్లు. ఆదివారం ఆ ముంత తెచ్చి గుళ్లో గంపలో గుమ్మరించేవాళ్లు. ఆ గంపే మా నాన్న జీతం. దాంతోనే మా అమ్మ రూతమ్మ మాకూ, దూరం ఊళ్లనుంచి ఆరాధనకు నడిచొచ్చిన వాళ్లకూ వండేది.”

ఆమె గొంతు తగ్గించారు. “మీ నూరేళ్ల శిలాఫలకం ఫోటో చూశాను ప్రభాకర్. దొర పేరుంది, నాన్న పేరుంది, కమిటీ మొత్తం ఉంది, రంగులు వేయించినాయన పేరు కూడా ఉంది. మా అమ్మ లేదు.”

“రాయి ఇప్పటికే చెక్కిచ్చినం టీచరమ్మా…” సార్ నేలచూపులు చూశాడు.

“మళ్లీ చెక్కమని అడగట్లేదు. ఆ అన్నం ఒక్కసారి ఊరందరి నోట్లో పడాలి. దాని రుచి తెలిసిన నోరు ఇక ఇదొక్కటే.” ఆమె తన పెదవులను వేలితో చూపించారు.

అప్పుడు నాకు తెలిసింది, అది వంట ఆర్డర్ ఒక్కటే కాదని.

మరుసటి రోజే మిర్యాలగూడ పోయి, తెలిసిన సేఠ్ మిల్లులో రకరకాల బియ్యం తెచ్చాను. దొడ్డవి, సన్నవి, పాతవి, కొత్తవి. పాతబియ్యం నీళ్లు ఎక్కువ తాగుతుంది, కొత్తది చూస్తుండగానే ముద్దవుతుంది. రెంటినీ ఒకే ఎసట్లో వెయ్యడం మా వృత్తిలో ఆత్మహత్య. అందుకని నా తెలివి చూపించాను. దేనికది విడిగా, పలుకు లేకుండా పొడిపొడిగా వండి, చివర కలిపాను. శాంపిల్ క్యారియర్లో పెట్టుకుని కోదాడ బస్సెక్కాను. ఆ క్యారియర్ వల్ల బస్సులో జనం దిగాల్సిన స్టాపులు మర్చిపోయారు. అది వేరే కథ.

సుగుణమ్మ గారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలారు.

“చాలా బాగుంది.”

నేను మీసం సర్దుకున్నాను.

“అందుకే ఇది కాదు,” అన్నారు.

“అదేంది టీచరమ్మా!”

“కాలువలు రాకముందు మా వైపు బియ్యం ఎవరు తిన్నారయ్యా? ముంతలో దంచిన జొన్నలు వచ్చేవి, కొర్రలు వచ్చేవి, నూకలు వచ్చేవి. భూస్వామి గడీలో పనిచేసే ఇంటినుంచి ఒక పిడికెడు తెల్లబియ్యం. అన్నీ ఒకే గంపలో కలిసిపోయేవి. ఏరడం ఎవరి తరం? అమ్మ అన్నిటినీ ఒకే కుండలో పోసేది. ఒక గింజ చిదిమితే గంజి, పక్క గింజ కొరికితే రాయి.”

సరే, గంపే దారి అనుకున్నాను. పల్లెలో ఆడవాళ్లను ఒప్పించాం. పండుగ దాకా ప్రతి ఇంట్లో పూటకో పిడికెడు తీసిపెట్టాలి. వాళ్లు ఎంతో సంబరపడ్డారు. మా నాయనమ్మ తీసేది, మా అత్త తీసేది అని ఒకరి మాట ఒకరు అందుకున్నారు. ఆదివారం నేనూ వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను. ఒక్కొక్కరే స్టీలు డబ్బాలు తెచ్చి గంపలో గుమ్మరించారు. గంప నిండింది. వంగి చూశాను.

అంచు నుంచి అంచు దాకా ఒకటే బియ్యం. తెల్లగా, సన్నగా, అక్కచెల్లెళ్లలాగా.

“ఇదేంది? అన్నీ ఒకటే ఉన్నయి!” అన్నాను.

ముందు నిలబడ్డ ఆమె చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఎట్ల వేరే ఉంటయి మేస్త్రీ? అందరం ఒక్క రేషన్ దుకాణంలనే తెచ్చుకుంటిమి గద!”

చర్చి మొత్తం గొల్లున నవ్వింది. నేను మాత్రం తల పట్టుకుని బయటికొచ్చి కోదాడకు ఫోన్ చేశాను.

“అన్నీ ఒకటేనా మేస్త్రీ? సర్పంచి ఇంటిదీ, కూలికి పోయే ఇంటిదీ?”

“ఒకటేనమ్మా. కలిపినంక ఎవలది ఏదో దేవునిక్కూడ తెల్వది.”

ఆమె ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడైంది.

“మా నాన్న ప్రతి ఆదివారం ఆ గంప మీద చెయ్యి పెట్టి అడిగింది అదే. ఈ ఊళ్లో అన్ని పొయ్యిల మీదా ఒకే అన్నం ఉడకాలి ప్రభువా అని. కాస్త ఆలస్యమైంది, అంతే.”

“అయితె ఇగ మన ఐటం క్యాన్సిల్ చేద్దామా?”

“ఊరుకో! ఆలస్యమైనన్నాళ్లు ఏం తిన్నారో వాళ్లకి తెలియొద్దూ?”

మరి జొన్నలు, కొర్రలు ఎక్కడివి? ప్రభాకర్ సార్ గొంతు సవరించుకుని, “మా ఇంట్ల ఉన్నయి మేస్త్రీ. నాకు షుగర్ గద,” అన్నాడు. ఇంక చూడండి, డొంకంతా కదిలింది. పల్లెలో షుగర్ ఉన్న ఇళ్లన్నీ బయటపడ్డాయి. అప్పట్లో లేనివాళ్లు తిన్నదంతా ఇప్పుడు డాక్టరు చెప్పినవాళ్లు తింటున్నారు. నూకలు సేఠ్ పంపించాడు. గంప ఇప్పుడు రంగురంగులుగా కళకళలాడింది.

పండుగ నాడు చర్చి పక్క ఖాళీ జాగాలో పొయ్యిలు పెట్టాను. బగార, మటన్ నా చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. అసలు యుద్ధం చివరి పొయ్యి మీద జరిగింది. దాని పక్కనే సుగుణమ్మ గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

“జొన్నలు ముందు ఒక ఉడుకు రానిస్త టీచరమ్మా…”

“వద్దు. అన్నీ ఒకేసారి.”

“కొంచెం నూనె చుక్క?”

“చెయ్యి వెనక్కి పెట్టుకో.”

నా చేతికి అంత శిక్ష ఎన్నడూ పడలేదు. గింజలన్నీ ఒక్క ఎసట్లో కుమ్మరించాం. సగం ముద్ద, సగం పలుకు. అప్పుడామె, “ఇప్పుడు మూత పెట్టి, మూత మీద నిప్పులు పొయ్యి,” అన్నారు.

నేను ఉలిక్కిపడ్డాను. “ఇది దమ్ గద!”

“పేరు నాకు తెలియదు. మొండి గింజలు మగ్గాలని అమ్మ అట్లా చేసేది. మూత పెట్టగానే నాన్న భోజనం ప్రార్థన మొదలుపెట్టేవాడు. ఆయన ప్రార్థన ఎంత పొడుగైతే అన్నం అంత మెత్తన. ఇంకా ఉడకలేదనుకో, అమ్మ గరిటెతో కుండ అంచు మీద టంగుమని ఒకటి కొట్టేది. ఆమేన్ దాకా వచ్చిన నాన్న మళ్లీ రాజుల దగ్గరికీ, సముద్రాల దగ్గరికీ వెళ్లిపోయేవాడు. జనం అయ్యగారి భక్తికి ఆశ్చర్యపోయేవాళ్లు. మేం పిల్లలం నవ్వాపుకోవడానికి ఒకరినొకరు గిల్లుకునేవాళ్లం.”

ప్రభాకర్ సార్ వెళ్లి ఈ సంగతి ఇప్పటి పాస్టరు గారి చెవిలో వేసి వచ్చాడు. కుర్రాయన, మిర్యాలగూడ పిల్లవాడు. నవ్వుతూ తలూపి, మైకు పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. జనమంతా విస్తర్ల ముందు తలలు వంచారు. ఈ కాలపు పాస్టరు గదా, చకచకా ఆమేన్ దగ్గరికి వచ్చేశాడు. సుగుణమ్మ గారు నా చేతిలోంచి గరిటె లాక్కున్నారు.

టంగ్.

“…ఇంకా ప్రభువా, ఈ మందిరానికి మమ్మల్ని నడిపించిన దొరగారిని బట్టి, జక్కరయ్య అయ్యగారిని బట్టి…”

టంగ్.

“…కమిటీ వారిని బట్టి, టెంట్ వేసిన వారిని బట్టి, కరెంటు పోకుండా చూసిన వారిని బట్టి…”

నేను మూత అంచు కొంచెం ఎత్తి ఒక గింజ చిదిమాను. అయినంత అయింది. ఇంక ఉడికేది లేదు. సుగుణమ్మ గారి చెవి దగ్గరికి వంగి, “అయింది టీచరమ్మా,” అన్నాను.

“ఇంకా కాలేదు,” అన్నారామె.

టంగ్.

పాస్టరు గారు దేశాన్ని ఆశీర్వదించాడు, రైతుల్ని ఆశీర్వదించాడు, వర్షాల్ని ఆశీర్వదించాడు, చివరికి నన్ను కూడా ఆశీర్వదించాడు. మాటలు నిండుకున్నాయి. మెల్లగా ఒక కన్ను తెరిచాడు. గరిటె పట్టుకుని కుర్చీ అంచున కూర్చున్న ఆ ముసలామెనూ, కుండనూ చూశాడు.

“…ప్రభువా, ఈ పల్లెలో నీ పేరిట మొదటి అన్నం వండిన అమ్మను బట్టి… ఇంటింటి పిడికెడునూ ఒక్క కుండలో కలిపి, వచ్చిన వాళ్లందరికీ పెట్టిన మా రూతమ్మ గారిని బట్టి నీకు స్తోత్రం.”

వెయ్యిమంది ఒక్క గొంతుతో “స్తోత్రం” అన్నారు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

సుగుణమ్మ గారు గరిటె నా చేతికిచ్చారు.

“ఇప్పుడు ఉడికింది. వడ్డించు.”

రుచి ఎలా ఉందని అడుగుతారు. అబద్ధం చెప్పడం నాకు కష్టమేం కాదు గానీ, ఆ అన్నం మీద చెప్పను. బాగాలేదు. కొందరు కళ్లు మూసుకుని మింగారు, కొందరు నీళ్లు తాగారు. ఒకామె ముద్ద నోట్లో ఉండగానే, “అయ్యో, గిదా తిన్నరు మనోళ్లు!” అని కళ్లు తుడుచుకుంది. ఒక్కరు కూడా విస్తరిలో వదిలిపెట్టలేదు. సుగుణమ్మ గారు తన ముద్ద తిని, “అదే. రాయి కూడా అదే,” అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, “ఇక ఆ బగార పట్రా మేస్త్రీ. మటన్ కొంచెం మెత్తటి ముక్క చూసి వెయ్యి,” అన్నారు.

అన్నం ఉడికిందో లేదో వేళ్ల మధ్య గింజ చిదిమి చెప్పడం నేర్చుకునే ఇన్నేళ్లు బతికాను. ఉడకాల్సింది ఒక్కోసారి గిన్నె లోపల ఉండదని మాత్రం ఆ కుండ దగ్గరే తెలిసింది. ఇప్పుడు ఎవరింట్లో వండినా, మూత తీసే ముందు ఈ ఇంట్లో ఎవరూ పేరు తలవని వాళ్లు ఇంకా మిగిలారా అని ఒకసారి అడుగుతున్నాను. మిగిలారంటే, గరిటెతో అంచు మీద ఒకటి కొడతాను. పంతులుగారైనా, ఖాజీసాబ్ అయినా ఆగి చూస్తారు. ఏమిటని అడిగితే, “ఇంకా ఉడకలేదండీ,” అంటాను.