బానెట్ మీద చెయ్యి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఆ మాటకొస్తే పాత బండ్లు అమ్మేవాళ్లనూ నమ్మను. నన్ను నిజంగా ముంచింది ఆ రెండోవాళ్లే కాబట్టి నా అనుమానమంతా వాళ్ల మీదే ఉండేది. ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఇంకొకరు చెప్తే నేనూ నవ్వేవాడినే.

నా పేరు బస్వరాజ్. నారాయణఖేడ్‌లో స్లాబు పనులు పడతాను. కాంక్రీటు కలిపే మిల్లర్ నా సొంతం. దాన్ని పికప్ వెనక హుక్కుకు తగిలించి, పైన పన్నెండు మంది కూలీలను ఎక్కించుకుని ఊరూరా తిరగడమే మా బతుకు. మాకు బండి అందంగా ఉండాల్సిన పని లేదు. పొద్దున స్టార్టవ్వాలి, మిల్లర్‌ను గుంజాలి, ఎత్తు మీద ఆగిపోకూడదు.

మునుపటి బండి కొన్నప్పుడు మోసపోయాను. నేను వెళ్లేసరికే అమ్మేవాడు ఇంజన్ వేడి చేసి పెట్టాడు. డీజిల్ బండి రోగమంతా చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. వేడెక్కితే ముసలి ఇంజన్ కూడా పెళ్లికొడుకులా నడుస్తుంది. ఆ తెలివి నాకప్పుడు లేదు. సిర్గాపూర్ దారిలో ఒక ఎత్తు మీద, వెనక మిల్లర్ ఉండగా, ఇంజన్ ఆగిపోయింది. బ్రేకు తొక్కినా బరువుకు బండి వెనక్కి జారింది. భయపడి కిందికి దూకిన సాయవ్వ కాలు మిల్లర్ చక్రం కింద పడింది.

సాయవ్వ మా గుంపులో పెద్దది. కాలులో రాడ్డు వేశారు. ఇప్పుడు తట్ట మోయలేదు, మిల్లర్‌లో నీళ్లు పోస్తుంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఇకమీద ఏ బండి చూసినా తాళంచెవి ముట్టుకునే ముందే బానెట్ మీద చెయ్యి వేయాలని, వెచ్చగా తగిలితే అక్కడినుంచే మర్లిపోవాలని ఒట్టు పెట్టుకున్నాను.

మనూర్ దగ్గర ఒక ఊళ్లో పికప్ ఉందని మా మెకానిక్ జావీద్ చెప్పాడు. దాని యజమాని నాగప్ప గుండెపోటుతో పోయి నాలుగు నెలలైంది. నూర్పిడి మిషన్‌ను ఆ బండికి కట్టుకుని తిరిగేవాడట. భార్య శివమ్మ అమ్ముతోంది. "స్టార్ట్ చేయొద్దు" అని ఫోన్లో ఆమెకు రెండుసార్లు చెప్పి, పొద్దున ఏడింటికల్లా వెళ్లాను.

బానెట్ మీద చెయ్యి వేశాను. ఇప్పుడే ఎక్కడికో పోయొచ్చినట్టు వేడిగా ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏంది చెల్లె, ఎవర్ని పాగల్ చేస్తున్నవ్? పొద్దుగాల్నే వేడి చేసి పెట్టినవా?" అని వాకిట్లోనే అరిచాను. పక్కింటివాళ్లు బయటికొచ్చారు. "తాళంచెవి సందుగులనే ఉన్నదన్నా. ఆయన పోయినంక ఒక్కపారి గూడ తియ్యలే" అంది. నేను వినిపించుకోకుండా వచ్చేశాను.

అక్కడితో వదిలేయాల్సింది. కానీ వచ్చేముందు వంగి బండి కింద చూశాను, అదే నన్ను వదల్లేదు. చాసిస్‌కు పగులు లేదు. హుక్కు దగ్గర అతుకు వెల్డింగ్ లేదు. చక్రాల పైన బరువు మోసే కమాన్ పట్టీలు ఒక్కటీ వంగలేదు. అంత బరువు లాగిన బండిని అంత శుభ్రంగా పెట్టుకున్న మనిషి ఇంజన్‌ను పాడు చేసుకుంటాడా? వారం తర్వాత ఒక పొద్దున చెప్పకుండా వెళ్లాను. మళ్లీ వేడి. మళ్లీ అరిచాను. ఈసారి అబద్ధాలకోరు అని కూడా అన్నాను. ఆమె నా చేతివంకే చూస్తూ నిలబడింది. అదీ నాకు నటనలాగే కనిపించింది.

మూడోసారి జావీద్‌ను వెంటబెట్టుకుని ఒక సాయంత్రం వెళ్లాను. బ్యాటరీ విప్పుతానంటే "తీస్కపో" అంది. తెచ్చి మా మంచం కింద పెట్టుకున్నాను. బ్యాటరీ లేకున్నా కొన్ని బండ్లను తోసి స్టార్ట్ చేస్తారు. అందుకని వచ్చేముందే నాలుగు టైర్ల మీంచి నేల దాకా సున్నంతో గీతలు గీశాను. తలుపులకు, బానెట్‌కు దారం కట్టాను. "ఒక పోలీసోన్ని గూడ కావలి పెట్టు భాయ్" అని జావీద్ పడీ పడీ నవ్వాడు.

తెల్లారి ఏడింటికి ఇద్దరం వెళ్లాం. గీతలు గీసినట్టే ఉన్నాయి. దారం తెగలేదు. బండి ఉన్నది రేకుల షెడ్డులో, దానిది పడమర ముఖం, ఎండ ఇంకా అటు తిరగనే లేదు. బానెట్ మీద పిల్లో కోడో పడుకుందేమోనని కూడా చూశాను. దుమ్ములో మనిషి వేళ్ల గుర్తులు తప్ప ఏమీ లేవు. చెయ్యి వేశాను. వేడి.

జావీద్ దారం తెంపి బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే పుల్ల బయటికి తీశాడు. దాని కొన ముట్టుకుని చటుక్కున వేలు వెనక్కి లాక్కున్నాడు. ఆ తర్వాత అతను నవ్వలేదు.

శివమ్మ గడప దిగి మెల్లగా వచ్చింది. "అన్నా, నిజం చెప్పు. నీకు గూడ వేడిగనే తగులుతుందా?" అని అడిగింది.

తలూపాను. ఆమె షెడ్డు గుంజ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

నాగప్ప రోజూ లేవగానే బండి స్టార్ట్ చేసి, చాయ్ తాగినంతసేపు అట్లా నడవనిచ్చేవాడట. చల్లటి ఇంజన్‌కు బరువు కట్టడం పాపమనేవాడట. ఆయన పోయాక ఒకనాడు పొద్దున ఆమె ఊరికే బానెట్ మీద చెయ్యి వేస్తే వేడిగా తగిలింది. అప్పటినుంచి రోజూ వేస్తోంది.

"నాకే మతి తప్పిందనుకున్ననన్నా. మా అత్తోల్లకు చెప్తే మంత్రగాని తానకు తీస్కపోతరని ఎవ్వలకు చెప్పలే. నువ్వు తిట్టినవ్ సూడు, నాకు బాధ గాలే. ఇంకొకల చేతికి గూడ తగిలిందని పానం జర నిమ్మలమైంది" అంది.

ఆ మనిషిని నేను పదిమంది ముందు అబద్ధాలకోరు అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

జావీద్ ఈ బండి వద్దే వద్దన్నాడు. నేనే పట్టుబట్టి దాన్ని ట్రాక్టరుకు కట్టించి మా ఖేడ్‌కు తెప్పించి, అతని షెడ్డులో రెండు రోజులు నిలబెట్టాను. రెండు పొద్దులూ ఇంజన్ బావి నీళ్లంత చల్లగా ఉంది. అట్లా చల్లగా ఉన్నప్పుడే, చార్జింగ్ పెట్టిన బ్యాటరీ బిగించి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. తెల్లపొగ లేదు, నల్లపొగ లేదు. నేను ఒట్టు పెట్టుకున్న పరీక్షలో అది నెగ్గింది. కొన్నాను.

బండిని బోరంచ నల్లపోచమ్మ గుడికి తీసుకెళ్లి అమ్మవారికి చూపించి, మొదటి పని సిర్గాపూర్ వైపే పట్టాను. అదే ఎత్తు, వెనక అదే మిల్లర్. కింద బండి ఆపి, సాయవ్వను దిగి మెల్లగా నడిచి రమ్మన్నాను. "నడ్వనీకి నాకు కాలేడున్నది మేస్త్రీ? నడుపు" అంది. నడిపాను. రెండో గేరులో ఎక్కడా తడబడకుండా ఎక్కేసింది. పైకెక్కాక అద్దంలో చూస్తే సాయవ్వ పట్టుకున్న బండి కడ్డీ వదిలేసి అరచేతిలో తంబాకు నలుపుకుంటోంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నెల తర్వాత శివమ్మ ఫోన్ చేసింది. బాగోగులేమీ అడగలేదు. "పొద్దుగాల వేడిగుంటుందా అన్నా?" అంది.

ఉండటం లేదు. రోజూ చెయ్యి వేసి చూస్తూనే ఉన్నాను, మా ఇంటి ముందు ఒక్కనాడూ లేదు. కానీ ఆ గొంతు విన్నాక "ఉంటుంది చెల్లె" అన్నాను.

"అట్లనా. అయితే బండెంబడి మీ తానకే వచ్చిండన్నట్టు. మంచిగ చూస్కో అన్నా" అని పెట్టేసింది.

ఆ షెడ్డులో మూడు పొద్దులు ఆ ఇంజన్‌ను వేడి చేసిందేమిటో నేనూ జావీద్ ఎంత తల బద్దలు కొట్టుకున్నా తేల్చుకోలేకపోయాం. ఇక్కడికి వచ్చాక ఎందుకు ఆగిపోయిందో అదీ తెలియదు. ఆ ఫోన్ వచ్చిన మర్నాటినుంచి మాత్రం నేను లేవగానే బండి స్టార్ట్ చేసి, చాయ్ తాగినంతసేపు నడవనిస్తున్నాను. పని లేని రోజు కూడా. ఏ అంగడినాడో శివమ్మ పొద్దున్నే ఖేడ్‌కు వచ్చి బానెట్ మీద చెయ్యి వేస్తే, ఆమెకు చల్లగా తగలకూడదు.