అయితేనేం అనందే ముద్ద లేదు

మా చిన్నప్పుడు... పొద్దుగూకగానే అవ్వ సంగటి కుండ ముందు కూర్చునేది. తెడ్డుతో కెలికి, తడి చేత్తో ముద్ద చుట్టి, వెంటనే పెట్టేది కాదు. ముద్దను అరచేతిలో పట్టుకుని మా మొహాలు చూసేది. ఆ రోజు ఎవరు ఏ ఏడుపు ఏడ్చారో ఆమెకు అన్నీ గుర్తే...

ఆమె పెట్టిన కట్టుబాటు ఒక్కటే. ఇంట్లో ఎవరైనా ఏడవొచ్చు, తిట్టుకోవచ్చు. కానీ మాటను సగంలో వదలకూడదు. చివర ‘అయితేనేం’ అని ఇంకో ముక్క తగిలించాలి. అది నిజమైన ముక్క అయి ఉండాలి. అబద్ధం చెబితే ముద్ద మళ్ళీ కుండలోకే.

“సగం ఏడుపు లోపలే పెట్టుకుంటే మజ్జిగ మాదిరి పులిసిపోతాది. మిగతాది గూడా చెప్పు” అనేది.

అమ్మకు అలవాటైపోయింది. “చెరువు అడుగంటినాది... అయితేనేం, గుడ్డలుతికే బండ బయటపడింది” అని ముద్ద అందుకునేది.

నేను మాత్రం ఆ కట్టుబాటును ఆటపట్టించడానికే పుట్టాను. “లెక్కల్లో సున్నా వచ్చింది... అయితేనేం, అయ్యవారికి మార్కులు కూడే పని తప్పింది!” నాయన పొలమారేట్టు నవ్వేవాడు. అవ్వ మాత్రం నవ్వేది కాదు. “నిజమే గదా. తిను” అని పెట్టేది.

మాది ఉదయగిరి. నాయన కొండ మీది చెక్క తెచ్చి గరిటెలు, చెంచాలు చెక్కేవాడు. అనుమసముద్రంపేట దర్గా దగ్గర ఒక అంగడికి వేసి వచ్చేవాడు. ఆయన చెక్కిన చెంచా పెదవికి తగిలితే వెన్న రాసినట్టుండేది... దాని గురించి కొంచెం పొగరు కూడా ఉండేది లెండి. ఇంకొకరి సరుకు చూస్తే చాలు, “ఇది గరిటెనా, గొడ్డలినా?” అనేవాడు.

ఒక వేసవిలో కొండ దిగుతుంటే దుంగ జారి ఆయన కుడిచేతి మీద పడింది. కట్టు కట్టించాం. విప్పి చూస్తే బొటనవేలూ చూపుడువేలూ కొయ్యల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఉలి పట్టుకుంటే జారి పడింది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ పడింది. ఉలినీ బాడిసనూ గోనెసంచిలో చుట్టి అటక మీదకు విసిరేశాడు.

“చెయ్యి పోయినాది” అన్నాడు ఆ సాయంత్రం. అంతే. తరవాతి ముక్క రాలేదు.

మేమంతా అవ్వ చేతిలోని ముద్ద వైపు చూశాం. అవ్వ దాన్ని ఆయన కంచంలో పెట్టింది. “ఇయ్యాల రాకపోతే రేపు చెబుదువులే, నాయనా.”

రేపూ రాలేదు... నెల దాటినా రాలేదు. అమ్మ కూలికి పోవడం మొదలుపెట్టింది. దర్గాలో ఉరుసు ఉత్సవం దగ్గరపడుతోంది, సరుకు కావాలని అంగడాయన మనిషిని పంపితే, నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. వచ్చిన మనిషి కాసేపు చూసి, ఇట్లాగైతే వేరేవాళ్ళను చూసుకోవాల్సి వస్తుందని చెప్పి పోయాడు.

నాకు అవ్వ మీద ఒళ్ళు మండింది. “నీ అయితేనేం ఉత్తదే. నాయనకు పనిచెయ్యలా” అన్నాను.

“అదేమన్నా తాయెత్తా, కట్టంగానే పనిచెయ్యడానికి? ఉలి పట్టినట్టే ఇదీ. పట్టంగా పట్టంగా వస్తాది. మీ తాత పోయినప్పుడు మీ నాయన పాలుతాగే బిడ్డ. నెలల తరబడి నాకు ఒక్క ముక్క గూడా రాలా. ఒకనాడు వాడు నా ముక్కు కొరికినాడు. అయితేనేం, బిడ్డకు పళ్ళొచ్చినాయి అనుకున్నా. అదే నాకు మొదలు.”

ఓహో, ముక్క దానంతట అది రాదు, వెతుక్కోవాలన్నమాట! సరే, నాయన తరఫున నేనే వెతుకుతానని కూర్చున్నాను.

మర్నాటి సాయంత్రం నా వంతు రాగానే గొంతు సవరించుకున్నాను. “నాయన కుడిచెయ్యి పనిచెయ్యడంలా... అయితేనేం, నన్ను కొట్టే చెయ్యి గూడా అదే!”

అమ్మ నోరు నొక్కుకుంది. నాయన తలెత్తి నా వైపు చూశాడు. చూస్తూ చూస్తూనే... ఫెడీమని నా వీపు మీద ఒకటి పడింది.

“ఎడంచెయ్యి ఉండాదే, దొంగమొహమా!”

అవ్వ నా ముద్దను తీసుకెళ్ళి ఆయన కంచంలో పెట్టేసింది. “చెప్పినాడు! నా కొడుకు చెప్పినాడు! నిజమైన ముక్కే!”

తనేమన్నాడో నాయనకు అప్పుడు తట్టినట్టుంది. ఎడంచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తరవాత మునుపట్లా పొలమారేట్టు నవ్వాడు... నేనొక్కదాన్నే వీపు రుద్దుకుంటూ ఏడుస్తున్నాను. ఏడుస్తూ ఏడుస్తూ, వాళ్ళ నవ్వు చూసి ఆపేశాను.

“సగంలో ఆపబాక! మిగతాది చెప్పు” అని గదమాయించింది అవ్వ.

తెల్లారి అటక మీది సంచిని నాయనే దించాడు. కుడి అరచేత్తో చెక్కను అదిమిపెట్టి, ఎడంచేత్తో ఉలి నెట్టడం... చూసేవాళ్ళకు ప్రాణం మీదకొచ్చేది. మొదటి గరిటె వంకరటింకరగా దిగింది. “ఇది గరిటెనా, గొడ్డలినా?” అని అడిగి, ఈసారి దెబ్బకు అందకుండా పరిగెత్తాను.

ఆ ఏటి ఉరుసు మా సరుకు లేకుండానే అయిపోయింది. సంగటి పల్చబడింది. ఆ మరుసటి ఉరుసుకు మాత్రం ఒక గంపెడు గరిటెలు అనుమసముద్రంపేటకు వెళ్ళాయి. మునుపటి నునుపు లేదు... ఎప్పటికీ రాలేదు. “అయితేనేం, పట్టుకుంటే చేతిలోంచి జారవు” అన్నాడట అంగడాయన. ఆయనకు మా అవ్వ కట్టుబాటు ఎవరు నేర్పారో మరి!

ఇప్పుడు ఎవరింట్లో చూసినా స్టీలు గరిటెలే. ఏడుపులు మాత్రం అన్నీ సగం సగమే. ధరలు, ఎండలు, మోకాళ్ళు... చెప్పేసి చక్కా పోతారు. మిగతా ముక్క వినేదాకా ముద్ద పట్టుకుని ఆగే అవ్వలు ఎక్కడున్నారు?

ఆ మొదటి వంకర గరిటె ఇప్పుడు నా వంటింట్లో ఉంది. దాంతో పప్పు వడ్డిస్తే సగం కంచానికి బయటే పడుతుంది... అయితేనేం, తినేవాళ్ళు ప్రతిసారీ ఎవరు చెక్కారని అడుగుతారు. మా నాయన పేరు చెబుతాను.

మీరూ చెప్పండి, మీ ఇంటి ఏడుపు ఒకటి... సగంలో మాత్రం ఆపబాకండి.